ఓబులమ్మ గిన్నె

పోయిన వారం కమలాక్షమ్మను బెల్లం కొట్టు తలుపుకు చెవి ఆనించి నిలబెట్టి వదిలాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎండ నడినెత్తి మీద ఉంది. దొడ్లో పరిచిన నాపరాళ్ళు అరికాళ్ళను కాలుస్తున్నాయి. ఆ సంగతి కూడా ఆమెకు తెలియడం లేదు.

ఆళ్ళగడ్డలో బెల్లం అంగడి పెట్టుకున్న గురుస్వామి శెట్టి భార్య ఆమె. వాళ్ళ కూతురు చెంచులక్ష్మికి ఏడేళ్ళు. చూస్తే పదమూడేళ్ళ పిల్లంత బరువు. నాలుగు మెట్లు ఎక్కితే ఛాతీలో ఈల మోగుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. ఇరవై రోజుల కిందట నంద్యాల తీసుకుపోతే, డాక్టరమ్మ కృపావతి పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"ఇట్లాగే తినిపిస్తే ఈ పిల్ల ఇంకో వేసవి చూడదు. పిల్ల తప్పేమీ లేదమ్మా. పెట్టే చెయ్యి నీది" అంది.

ఒక రేకు గ్లాసు చేతికిచ్చి, పూటకు అందులో సగం అన్నమే పెట్టమంది. లేదంటే పిల్లను నెల రోజులు ఆసుపత్రిలో తన దగ్గర వదలమంది. కమలాక్షమ్మ ఆ రోజు నుంచి వంటింటికి తాళం వేసి, చెవిని తాళిబొట్టు తాడుకు కట్టుకుంది. మొదటి పది రోజులు పిల్ల తగ్గింది. ఆ తరువాత పది రోజుల్లో మళ్ళీ పెరిగింది. నిన్న పరికిణీ నాడాను రెండు వేళ్ళు వదులు చేయాల్సి వచ్చింది. ఎవరో పెడుతున్నారు. ఎవరో పట్టుకుందామనే ఈ మధ్యాహ్నం ఆమె పిల్ల వెనకాలే దొడ్లోకి వచ్చింది. పిల్ల కొట్టులోకి దూరి తలుపు దగ్గరికి వేసుకుంది.

లోపలి నుంచి చెంచులక్ష్మి గొంతు వినబడింది.

"చాలక్కా. కడుపు నిండింది."

చెంచులక్ష్మికి అక్క లేదు. ఒకప్పుడు ఉండేది. పేరు ఓబులమ్మ. ఆరేళ్ళ కిందట, కరువు పడిన సంవత్సరం, ఐదేళ్ళ వయసులో పోయింది. చెంచులక్ష్మి అప్పుడు ఒడిలో పాప. అక్క ముఖం కూడా ఎరగదు.

"సరేలే. ఇంగొక్క ముద్ద. నువ్వు ఏడవద్దు మళ్ళ."

నమిలిన చప్పుడు వినబడింది. తరువాత పిల్ల ఛాతీలో ఈల. రెండో గొంతు మాత్రం వినబడలేదు. చెంచులక్ష్మి ఒక మాట అని, ఆగి, ఎవరిదో జవాబు విన్నట్టుగా మళ్ళీ మాట్లాడుతోంది.

అంతలో వాసన తగిలింది. బెల్లం కొట్టులో బెల్లం వాసన రాక ఇంకేం వస్తుంది అనుకోవచ్చు. ఇది ఆ వాసన కాదు. ఉడుకన్నంలో బెల్లం కరిగే వాసన. అందులోనూ కాస్త అడుగంటిన వాసన. ఇంట్లో పొయ్యి ఆర్పేసి మూడు గంటలైంది. వంటింటి తాళం చెవి తన మెడలోనే ఉంది.

తలుపు మీద చెయ్యి పెట్టింది కానీ తొయ్యలేకపోయింది. లోపల కనబడేది మనిషైతే తిట్టవచ్చు, కొట్టవచ్చు. మనిషి కాకపోతే ఏం చేయాలి? ఆ వాసనను తాను ఇదివరకు ఎప్పుడో పీల్చింది. ఎప్పుడో గుర్తు రాక ముందే చెయ్యి వెనక్కు తీసుకుంది. మనసును గట్టిగా మనుషుల వైపు తిప్పుకుని, ఇంట్లోకి నడిచింది.

నడవలో అత్త జయలక్ష్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పన్ను నొప్పికి చెంపకు గుడ్డ కట్టుకుని, లవంగం బుగ్గన పెట్టుకుని ఉంది.

"అత్తా, పాపకు అన్నం పెడతాండేది మీరేనా?"

"నాకు పెట్టేదానికే గతి లేదు. వంటింటికి తాళమేసి మెడలో కట్టుకోనుండావ్. నేను సద్దన్నం కావాలన్నా నీ మెడ పట్టుకోవాల" అంది ముసలామె. "ఏందీ, ఏమయింది?"

"కొట్లో తింటాంది. ఉడుకన్నం. బెల్లమేసింది."

"తింటే తిననీ. బంగారట్లాంటి పిల్ల. అంగడికొచ్చే ప్రతివాడూ గురుస్వామి బెల్లపు దిమ్మె అని బుగ్గ గిల్లిపోతాండ్రి. నంద్యాలలో ఎవరో గొట్టం పెట్టి ఏందో అన్నాదని, దాని నోరు కట్టేస్తివి. లావుగుంటే రోగమా? సన్నగుంటే రోగం గానీ."

"లావుగుంటే కూడా రోగమే అత్తా. దాని ఊపిరి మీకు ఇనపడదా?"

"నాకన్నీ ఇనపడతాయి." జయలక్ష్మమ్మ చెంపకు కట్టిన గుడ్డను సర్దుకుంది. "ఆ పొద్దు ఓబిది కూడా ఇనపడె. పదకొండు దినాలు."

కమలాక్షమ్మ చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోయింది.

ఈ ఇంట్లో ఆ పదకొండు దినాల మాట ఎవరూ ఎత్తరు. ఓబులమ్మకు జ్వరం తగిలినప్పుడు ఊరి వైద్యుడు లంఖణం చెప్పాడు. పదకొండు రోజులు కాచిన నీళ్ళు తప్ప ఏమీ లోపలికి పోకూడదు, జ్వరాన్ని మాడ్చి చంపాలి అన్నాడు. అప్పుడందరూ చేసేది అదే. పిల్ల ఐదో రోజు నుంచి బెల్లమన్నం అడిగింది. తన వెండి గిన్నెలో పెట్టమని అడిగింది. గిన్నె కళ్ళబడితే ఏడుస్తుందని, కమలాక్షమ్మ దాన్ని గుడ్డలో చుట్టి అత్త పెట్టెలో దాచింది. వంటింటికి తాళం వేసింది. చెవి అప్పుడు కూడా తాళిబొట్టు తాడుకే కట్టుకుంది. పదకొండో రోజు వైద్యుడు పథ్యం పెట్టవచ్చునన్నాడు. ఆమె పరుగున పోయి, తొందరలో బెల్లం అడుగంటించి, అన్నం కలిపి తెచ్చింది. అది చల్లారేలోగా పిల్ల పోయింది.

"ఊరంతా నన్నే అనె" అంది జయలక్ష్మమ్మ. "శెట్టి ఇంట్లో మూటల నడుమ పిల్ల ఆకలికి సచ్చిపాయ, ముసిల్ది పెట్టనియ్యలేదు అనిరి. అప్పుడు పెట్టకపోతే నా తప్పు. ఇప్పుడు పెట్టినా నా తప్పేనా? నేను పెట్టలే. నా నోట్లోకి నీళ్ళు కూడా పోవడంలే, పొద్దున్నించీ కన్ను మూయలే."

"అయితే గిన్నె చూపించండి."

"యా గిన్నె?"

"ఓబిది."

ఎందుకు అడిగిందో కమలాక్షమ్మకే తెలియదు. కొట్టులో నుంచి వచ్చిన చప్పుడులో వేలు లోహానికి తగిలిన చిన్న మోత ఉంది. అది మనసులో పడి ఉన్నట్టుంది.

ముసలామె ఆమెను ఎగాదిగా చూసి, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి, మంచం కింద పెట్టెను బయటికి లాగింది. పట్టుచీరలు, కర్పూరం మూట, మొగుడి ఉత్తరీయం తీసి పక్కన పెట్టింది. అన్నిటికీ అడుగున గుడ్డ మూట ఉంది. జయలక్ష్మమ్మ దాన్ని ఎత్తగానే అది చేతిలో వాలిపోయింది. ముడి వేసినట్టే ఉంది. లోపల ఏమీ లేదు. గుడ్డ మీద గుండ్రంగా నల్లటి మచ్చ మాత్రం ఉంది, ఆరేళ్ళు గిన్నె కూర్చున్న చోటు.

"నేను తీయలే" అంది ముసలామె. ఈసారి ఆ గొంతులో పౌరుషం లేదు. "చెవి నా నడుముకే ఉండె కదమ్మా."

ఇద్దరూ దొడ్లోకి వచ్చేసరికి వెనక సందు వాకిలి తెరుచుకుంది. గురుస్వామి లోపలికి వచ్చాడు. ఈ వేళకు బజారులో అంగడి మీద ఉండవలసిన మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని, పైపంచె కింద ఏదో దాచుకుని, పిల్లి నడకన వస్తున్నాడు. ఆడవాళ్ళను చూసి ఆగిపోయాడు.

"ఏందది?" అంది కమలాక్షమ్మ.

"ఏం లేదే. ఏదో కాగితాలు..."

ఆమె నేరుగా పోయి పైపంచె పక్కకు లాగింది. అరిటాకు పొట్లం. విప్పితే బెల్లమన్నం. బజారులో పూటకూళ్ళ జానకమ్మ ఇంట్లో చేయించింది. చల్లగా గట్టిపడి ఉంది.

"మీరా?"

గురుస్వామి నోరెత్తి కసిరే మనిషి కాదు. ఇంట్లో ఎవరిని తిట్టినా ఆయన్ను తిట్టరు. చెప్పులు నేల మీద పెట్టి, నిదానంగా చెప్పాడు.

"పది దినాలకు దాన్ని అంగట్లో కాటా మీద కూర్చోబెట్టి చూసినా. కిందటేటి తూకం కంటే అర వీశె తగ్గిపాయ. ఇంకెనిమిది దినాల్లో నరసింహ జయంతి. కొండ మీద తూగాల."

సంగతి ఇది. ఓబులమ్మ పోయిన నెలకు గురుస్వామి అహోబలం పోయి, చంకలోని పసిదాన్ని స్వామి ముందర ఉంచి మొక్కుకున్నాడు. ఈ బిడ్డనైనా నిలబెట్టు, ఏటేటా నీ కొండ మీద దీని ఎత్తు బెల్లం తూగిస్తాను, ఏ యేటికాయేడు కిందటేటి కంటే ఎక్కువ తూగిస్తాను అన్నాడు. పెరిగే పిల్ల ఎలాగూ ఎక్కువే తూగుతుంది కదా, అందులో ఆలోచించేదేముంది అనుకున్నాడు. ఎంతవరకు అన్నది మాత్రం చెప్పుకోలేదు. కాటా ముల్లు తప్ప ఇంకేదీ నమ్మని వ్యాపారి చేసిన మొక్కు అది. మొదటి రెండేళ్ళు పిల్ల తన పాటికి తాను పెరిగింది. మూడో యేట దగ్గు తగిలి చిక్కిపోతే ఇంటిల్లిపాదీ భయపడ్డారు. అప్పటి నుంచి తూకానికి నెల ముందు మొదలయ్యేది తినిపించడం. తరువాత నెల ముందు కాస్తా ఏడాది పొడుగునా అయింది.

"తగ్గితే ఏమయితాది?" అంది కమలాక్షమ్మ.

"మొక్కు తప్పితే ఊరకుంటాడా సామి? మొక్కు లేనప్పుడే ఓబిని ఏం చేసినాడో సూడలేదా?"

"ఓబిని సామి చేయలే. మనం చేస్తిమి."

గురుస్వామి తల దించుకున్నాడు. జయలక్ష్మమ్మ నోట్లో లవంగం నమలడం ఆపేసింది.

"తాళమేసింది నేను. అది గిన్నె అడిగితే దాచిపెట్టింది నేను. ఆరేండ్లుగా తెల్లారి లేస్తే నాకు అదే. అందుకే దీనికి చాలు అనలేకపోతిని. ఇంకొంచెం ఇంకొంచెం అని నేనే కుక్కితిని. డాక్టరమ్మ అన్నది నిజమే. కానీ ఆ యమ్మ నన్ను తిడతాంటే మీరు పక్కనే నిలబడి సంచి పట్టుకోనుంటిరి. ఒక్క మాట మాట్లాడితిరా? పెట్టే చెయ్యి నాదొక్కదేనా?"

"భయమైతాండెనే, కమలాక్షీ."

"నాకు భయం లేదా?"

కొట్టులో గొణుగుడు ఆగిపోయింది. లోపలి నుంచి కూడా ఎవరో వింటున్నట్టు అనిపించింది.

"గిన్నె మీరేనా తీసింది?" అని అడిగింది కమలాక్షమ్మ.

"అమ్మ నిద్రపోతాంటే చెవి తీసుకుంటాంటి. పొద్దుకొక్క పొట్లం. ఊరికే పెడితే తినదు, అమ్మ వద్దన్నాది అంటాది. అందుకని..." గురుస్వామి పొట్లం వైపు చూశాడు. "మీ అక్క ఆకలితో పోయింది తల్లీ, ఇది మీ అక్క గిన్నె, అక్క ఆకలి కూడా నువ్వే తీర్చాల అని చెప్పి పెడితి. అప్పుడు తినె."



ఏడేళ్ళ పిల్ల. ముఖం ఎరగని అక్క ఆకలిని తన కడుపులో వేసుకుని, ఛాతీలో ఈల మోగుతుంటే, ఇంకొక్క ముద్ద ఇంకొక్క ముద్ద అని తింటోంది. ముందే పెట్టి పెట్టి పిల్లను సగం ఇట్లా చేసింది కమలాక్షమ్మ తానే. మిగిలిన సగం ఈయన చేశాడు. స్వామిని ఎందుకు అనడం?

"రేపు పొద్దున మొదటి బస్సుకు నంద్యాల పోతాండా" అంది. "నెల దినాలు పాప ఆసుపత్రిలోనే ఉంటాది, నేను దాని పక్కన ఉంటా. కొండ మీదికి రాదు. మొక్కు మాట సామి అడిగితే నన్ను అడగమనండి."

"కమలాక్షీ, ఒక్క ఎనిమిది దినాలు..."

"ఎనిమిది దినాల్లో అది పోతే?"

ఆమె కొట్టు వైపు తిరిగి, "ఈ పొద్దు పెట్టింది చాలు. పోయి ఆ గిన్నె తీసుకోండి దాని చేతిలో నుంచి. మీరే ఇచ్చినారు కదా, మీరే తీసుకోండి" అంది.

గురుస్వామి అర్థం కానట్టు చూశాడు.

"ఈ పొద్దు నేనింకా పెట్టలేదే."

"ఏందీ?"

"ఇప్పుడే కదా వస్తాండా. పొట్లం నీ చేతిలోనే ఉండాది. గిన్నె నిన్న కడిగి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళమేసినా." తల్లి వైపు చూశాడు. "పన్ను నొప్పికి ఈ పొద్దు అమ్మ పండుకోదని పొద్దున్నే తెలుసు నాకు. అందుకే ఆకులోనే పెడదామని వస్తి."

కమలాక్షమ్మ చేతిలో పొట్లం చల్లగా ఉంది. కొట్టు తలుపు సందులో నుంచి వాసన మాత్రం వేడిగా వస్తూనే ఉంది. ఇప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ అడుగంటిన వాసన ఎప్పటిదో.

గురుస్వామి అడుగు ముందుకు వేయలేదు. కమలాక్షమ్మే తలుపు తోసింది.

లోపల మసక వెలుతురు. చాపల మీద బెల్లపు అచ్చులు వరుసగా పేర్చి ఉన్నాయి. నడుమ ఖాళీలో చెంచులక్ష్మి బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చెమటకు జాకెట్టు వంటికి అతుక్కుపోయింది. ఒడిలో వెండి గిన్నె. గిన్నెలో అన్నం ఇంకా సగం ఉంది. పైకి ఆవిరి లేస్తోంది. చీమల బారు ఒకటి బెల్లం నుంచి బయలుదేరి, పిల్ల దగ్గరికి వచ్చి, ఆమె ఎదుట ఉన్న జానెడు చోటును మాత్రం చుట్టి, దూరంగా పోతోంది. అక్కడ ఏమీ లేదు. అయినా చీమలు ఆ చోటు తొక్కలేదు.

"పాపా, ఎవరు పెట్టినారు నీకిది?"

"అక్క తెచ్చుకున్యాది. తన కోసరమే. అయితే తినలేకపోతాంది." చెంచులక్ష్మి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అక్క నోరు తెరుచుకోదమ్మా. అందుకే నన్ను తినమంటాది. నేను తింటే తనకు పోతాదంట."

"పోతాందా మరి?"

పిల్ల ఆలోచించింది.

"లేదు" అంది మెల్లగా. "నాకే పోతాంది. అక్క అట్లనే ఉంటాది. నేను నిలిపితే ఏడుస్తాది." చెంపల మీద కన్నీళ్ళు జారాయి. "నాకు నొస్తాందమ్మా. ఈడ." ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది.

తల్లి లోపలికి వచ్చింది. చీమలు వదిలిపెట్టిన ఆ జానెడు చోటును తొక్కకుండా పక్కగా వచ్చి, పిల్ల ముందర కూర్చుంది. గిన్నె కోసం చెయ్యి చాచింది.

"ఇట్ల తే తల్లీ."

"అక్క ఇయ్యనంటాంది."

"అక్కకు చెప్పు. చెల్లెలికి కాదు, అమ్మకు ఇయ్యాల ఇది అని చెప్పు. దాచిపెట్టింది అమ్మ కదా. అమ్మనే తింటాది."

చెంచులక్ష్మి తల పక్కకు తిప్పి ఎవరి మాటో విన్నట్టు కూర్చుంది. ఎప్పటికో పిల్ల రెండు చేతులతో గిన్నె ఎత్తి తల్లికి అందించింది. గిన్నె అంచు వేళ్ళను కాల్చింది.

కమలాక్షమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెయ్యి లేదు, యాలక్కాయ లేదు. తొందరలో మాడిన బెల్లపు చేదు. ఆ పదకొండో రోజు తాను చేసిన అన్నమే. ఆ రోజు దాన్ని ఎవరూ తినలేదు. ఆమే పెరట్లో పారబోసింది. మింగుడు పడలేదు. అయినా మింగింది. రెండో ముద్ద తీసుకుంది. మూడోది తీసుకుంది. గిన్నె అడుగు వేళ్ళకు తగిలేదాకా తిన్నది. కళ్ళ నీళ్ళు ముద్దల్లో పడుతుంటే అట్లాగే తిన్నది.

గిన్నె కింద పెట్టేసరికి ఏదో తేడాగా అనిపించింది. చెవులు రిక్కించి విన్నది. చెంచులక్ష్మి ఛాతీలో ఈల లేదు. పిల్ల బెల్లపు అచ్చులకు చేరగిలబడి, నోరు మూసుకుని, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. ఇరవై రోజుల్లో, కాదు, రెండేళ్ళలో మొదటిసారి.

"అమ్మా" అంది నిద్ర ముంచుకొస్తున్న గొంతుతో.

"ఏంది తల్లీ?"

"అక్క ఈడ లేదు. లేచింది."

"పోయిందా?"

చెంచులక్ష్మి కళ్ళు తల్లి ముఖం మీద లేవు. కాస్త కిందికి, ఆమె ఒడిలోకి చూస్తున్నాయి.

నేల మీద చీమల బారు అప్పుడే తిన్నగా సాగి, ఇంతసేపూ వదిలిపెట్టిన జానెడు చోటు మీదుగా నడవడం మొదలుపెట్టింది. కమలాక్షమ్మ మోకాళ్ళ మీద ఏదో ఆనింది. మెల్లగా, అలవాటైన చోటు వెతుక్కుంటున్నట్టు సర్దుకుని కూర్చుంది. ఎక్కువ బరువు లేదు. ఆరు వీశెలు కూడా ఉండదు. ఆ బరువు ఆమెకు తెలుసు. పదకొండో రోజు పొద్దున ఓబులమ్మకు పక్క మార్చడానికి ఎత్తుకున్నప్పుడు, చేతుల్లో తెలిసిన బరువు అదే.